గేటు చిప్పుగారి సస్పెన్షన్

మల్లవరప్పేట మున్సిపల్ ఆఫీసులో ఆ వేసవిలో కుర్చీలు వరసపెట్టి విరగడం మొదలైంది. కుర్చీలు నాసిరకానివి అనుకునేరు, కానే కావు. ఒక్కో కుర్చీలో ఇద్దరేసి కూర్చుంటే ఏ కుర్చీ మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పండి!

సంగతేమిటంటే, కమిషనర్ దివాకరంగారు ఎక్కడో కొండమీద పెట్టిన పాలనా శిక్షణకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మాత్రం 'ఖాళీరహిత పాలన' అనే మాట వెంటబెట్టుకొచ్చారు. ప్రభుత్వ కుర్చీ ఒక్క క్షణం ఖాళీగా ఉంటే ఆ క్షణంలో ప్రభుత్వం లేనట్టేనట. కాబట్టి ఇకమీదట ఎవరైనా సీట్లోంచి లేవాలంటే, బదులు మనిషి వచ్చి ఛార్జి పుచ్చుకోవాలి. ఆ మనిషి పూర్తిగా కూర్చున్నాకే ఈ మనిషి లేవాలి. టీకి వెళ్ళినా అంతే, బదిలీ మీద వెళ్ళినా అంతే. జనన మరణాల సెక్షన్లో బాపిరాజు, బదులు మనిషి రాక, పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. చివరికి ఓర్చుకోలేక, పన్ను కట్టడానికి వచ్చిన ఓ పెద్దాయన్ని లాక్కొచ్చి తన కుర్చీలో కూలేసి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఆ పెద్దాయన రెండు జనన ధ్రువపత్రాల మీద సంతకాలు చేసి ఉన్నాడు. అవి ఇప్పటికీ చెల్లుతున్నాయి.

ఈ నియమాన్ని పొల్లు పోకుండా అమలు చేసే బాధ్యత సూపరింటెండెంటు ఓలేటి విశ్వపతిగారిది. మంచి మనిషే. ఎవరి దగ్గరా కప్పు టీ కూడా తాగడు. కాకపోతే ఆయన దృష్టిలో ఈ లోకంలో ఉన్నవన్నీ రెండే రకాలు: ఉద్యోగంలో ఉన్నవి, ఉద్యోగంలో లేనివి.

ఇలాంటి చోట బొడ్డుపల్లి చారుశీల అనే అమ్మాయి కాంట్రాక్టు ఇంజనీరుగా చేరింది. ఊళ్ళో చెత్త ఎత్తడానికి బ్యాటరీ మూడుచక్రాల బండి తయారు చెయ్యడం ఆమె పని. చేసింది కూడా. ముచ్చటైన ఆకుపచ్చ బండి. వెనక చెత్త తొట్టి, ముందు హ్యాండిలు, కింద బ్రష్షుల్లేని మోటారు. దివాకరంగారు చాలా స్పష్టంగా చెప్పారు: "మంత్రిగారు వచ్చి ప్రారంభించే రోజున బండి కదిలితే నీ ఉద్యోగం పర్మనెంటు. కదలకపోతే ఇంటికి."

ఆ పర్మనెంటు అనే మాట కోసం చారుశీల ఎంతదూరమైనా వెళ్ళేలా ఉంది. ఇంతకుముందు చేసినవన్నీ కాంట్రాక్టు ఉద్యోగాలే. అద్దెకి ఇల్లడిగితే ఓనర్లు "కాంట్రాక్టా అమ్మా?" అని జాలిగా అడిగి తలుపేసేవారు. సొంతంగా ఓ గ్యాస్ కనెక్షన్ పెట్టించుకుని, ఓ తులసి మొక్క నాటుకుని, అది పెరిగేదాకా అదే ఇంట్లో ఉండాలని పిచ్చి కోరిక. పాపం పిల్లలో లోపమల్లా ఒక్కటే. మోటారు సంగతి ఎత్తితే చాలు, నోరు ఆగదు.

మంత్రిగారి రాకకి ముందు మీటింగు హాల్లో బండి గురించి వివరించమన్నారు. చారుశీల కళ్ళు మెరిశాయి.

"మోటారులో మూడు కాయిల్స్ ఉంటాయండి. తిరిగేది అయస్కాంతం. ఒక కాయిల్లోంచి కరెంటు లోపలికి పంపి, ఇంకో కాయిల్లోంచి బయటికి లాగుతాం. మూడోది అప్పటికి ఊరుకుంటుంది. అయస్కాంతం ఆ కరెంటున్న వైపు పరిగెత్తుకొస్తుంది. తీరా దగ్గరికొచ్చేసరికి మనం కాయిల్స్ మార్చేస్తాం. పాపం అది మళ్ళీ అటు పరిగెడుతుంది. ఇలా మారుస్తూ పోతే తిరుగుతూనే ఉంటుంది."

"అనగా, అందేటట్టు చూపించి అందకుండా జరుపుతాం," అన్నారు దివాకరంగారు.

"అంతేనండి!"

"మన సంక్షేమ విభాగం పద్ధతే. కానియ్."

"ఒక్కో కాయిలుకి రెండు గేట్లండి. పై గేటు తెరిస్తే బ్యాటరీ ప్లస్సు తగులుతుంది, కింది గేటు తెరిస్తే మైనస్సు. మొత్తం ఆరు గేట్లు. ఏది ఎప్పుడు తెరవాలో చెప్పడానికి ఓ చిన్న మెదడుంది. కానీ దాని గొంతు మరీ పీల, మూడు వోల్టులే. ఆ గొంతుకి గేట్లు కదలవు. అందుకని మధ్యలో ఈ చిప్పు." చింతగింజలో సగమంత ఉన్న నల్లటి ముక్కని వేలిమీద పెట్టి చూపించింది. "గేట్ డ్రైవర్ అంటారండి. మెదడు గొణిగింది విని, పన్నెండు వోల్టులతో గట్టిగా గేట్లు తెరుస్తుంది, మూస్తుంది. పై గేట్లకైతే బ్యాటరీని మించిన వోల్టేజీ కావాలి. అది ఎక్కడినుంచో ఊడిపడదండి, కింది గేటు పనిచేసేటప్పుడే పక్కన పోగవుతుంది. దాంతో పై గేటు తెరుచుకుంటుంది."

"ఇందులో కొత్తేముందమ్మా?" అన్నారు విశ్వపతిగారు. కింది సెక్షన్ల వాళ్ళు బల్ల చివర్న తలలు దించుకుని నవ్వుకున్నారు.

అక్కడితో ఆపితే ఎంత బాగుండేది! ఆపదు కదా.

"అసలు అందమంతా ఇక్కడుందండి. ఒకే కాయిలు మీద పై గేటు మూసి కింది గేటు తెరిచేటప్పుడు, చిప్పు మధ్యలో రవ్వంత సేపు ఆగుతుంది. ఆ రవ్వలో రెండు గేట్లూ మూసే ఉంటాయి. దాన్ని డెడ్ టైమ్ అంటాం."

దివాకరంగారు పెన్ను కిందపెట్టారు. "ఆ రవ్వంత సేపు కుర్చీలో ఎవరుంటారు?"

"కుర్చీయా అండి? ఎవరూ ఉండరండి."

ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్న పన్నుల సెక్షన్ వాళ్ళిద్దరూ చారుశీలని చూసి జాలిపడ్డారు.

"ఎంతసేపది?" అన్నారు విశ్వపతిగారు గొంతు తగ్గించి.

"సెకన్లో పదిలక్షలవ వంతు ఉంటుందేమోనండి. అంతే."

"ఎంతైతేనేం. ఖాళీ ఖాళీయే."

"మరి మూడో కాయిలు ఊరికే ఉంటుంది కదండీ, దానికేమీ అనలేదు?" అంది చారుశీల అమాయకంగా.

"అది విశ్రాంతి. విశ్రాంతి అంటే సెలవు. సెలవుకి రూలుంది. నువ్వు చెప్పే ఈ రవ్వ సెలవూ కాదు, డ్యూటీ కూడా కాదు. పై గేటు ఛార్జి అప్పగించకుండానే దిగిపోయాడు, కింది గేటు ఇంకా పుచ్చుకోలేదు. మరి మధ్యలో ఆ కాయిలు ఎవరి అధీనంలో ఉన్నట్టు?"

"రెండూ ఒకేసారి తెరిస్తే ప్లస్సొచ్చి మైనస్సు మీద పడిపోతుందండి బాబూ! గేట్లు పేలిపోతాయి, బ్యాటరీ కాలిపోతుంది!"

"పేలడం సాంకేతిక విషయం," అన్నారు దివాకరంగారు. "ఖాళీ పరిపాలనా విషయం. సాంకేతికం ఎప్పుడూ పరిపాలనకి లోబడి ఉండవలెను. ఇకమీదట సదరు కాయిలు మీద కింది గేటు పూర్తిగా విధుల్లో చేరిన తదుపరి మాత్రమే పై గేటు విరమించవలెను. ఈ మేరకు ఆదేశాలు ఈరోజే జారీ అవుతాయి."

అయ్యాయి కూడా.

చారుశీల తన గదికి పోయి తల పట్టుకుంది. కాసేపటికి ఓ సంగతి గుర్తొచ్చి తనలో తనే కిసుక్కున నవ్వుకుంది. ఆదేశంలో ఉన్నది ఉన్నట్టు ప్రోగ్రాము మార్చేసింది. ఇకనుంచి రెండు గేట్లనీ కాసేపు కలిపి తెరవమని మెదడు గొణుగుతుంది. గొణగనీ! మర్నాడు ఆవరణలో విశ్వపతిగారి ముందు బండి నడిపితే గిర్రున తిరిగొచ్చింది. పొగ లేదు, పేలుడూ లేదు.

"చూశావా?" అన్నారు విశ్వపతిగారు, మొహం వెలిగిపోతూ. "కాలిపోద్ది కాలిపోద్ది అని హడలగొట్టావు. రూలు పాటిస్తే ఎవరూ కాలిపోరమ్మాయ్. నేను ముప్ఫయ్యేళ్ళనుంచి పాటిస్తున్నాను, కాలానా?"

అప్పుడు చారుశీల ఊరుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మనం హాయిగా భోజనాలకి లేచేవాళ్ళం. కానీ తన చిప్పు గొప్పతనం ఇంకొకరి ఖాతాలో పడుతుంటే ఆ పిల్లకి ప్రాణం ఊరుకోలేదు.

"అది చిప్పు గొప్పండి! మెదడు రెండు గేట్లనీ ఒకేసారి తెరవమని చెప్పినా ఈ చిప్పు తెరవదు. 'ఇదేదో పొరపాటు' అని గ్రహించి రెంటినీ మూసేస్తుంది. ఒకటి దిగాకే రెండోదాన్ని ఎక్కనిస్తుంది. ఎంత తెలివో చూడండి!"

అనేసి నాలిక కరుచుకుంది. అప్పటికే విశ్వపతిగారి మొహంలో వెలుగు ఆరిపోయింది.

"అంటే పైనుంచి రాతపూర్వకంగా ఆదేశం వచ్చాక కూడా, దాన్ని పక్కనపెట్టి, ఇది తనకి తోచింది చేస్తోందన్నమాట."

"తోచిందని కాదండీ, దాని స్వభావమే అంత."

"స్వభావం మీద చర్య తీసుకోవడానికి కూడా రూలుంది," అని ఆయన ఆఫీసులోకి నడిచారు.

సాయంత్రానికి చిప్పుకి మెమో వచ్చింది. 'పై అధికారుల ఆదేశాలను బుద్ధిపూర్వకంగా ధిక్కరించి, కాయిలును అనాథగా వదిలివేసినందుకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.' చేతికి ఇవ్వాలంటే చేతుల్లేవు కాబట్టి అంటించాలన్నారు. మూడు పేజీల మెమో అంటించేసరికి చిప్పు కాదుకదా, బోర్డే కనపడకుండా పోయింది. గడువులోగా జవాబు రాలేదు. న్యాయం అన్నాక స్వయంగా చెప్పుకునే అవకాశం ఇవ్వాలి కదా, అందుకని చిప్పుని తీసుకొచ్చి దివాకరంగారి ఎదుట కుర్చీలో పెట్టారు. ఆ ఆఫీసులో చాలాకాలం తర్వాత ఒకే ఒక్కరు కూర్చున్న కుర్చీ అదే.

"నీ మీద ఆరోపణలు విన్నావా?" అన్నారు దివాకరంగారు.

చిప్పు పలకలేదు.

"ఎవరి అండ చూసుకుని ఇంత ధీమా?"

దానికీ పలకలేదు. విశ్వపతిగారు గబగబా రాసుకున్నారు: 'నేరుగా ప్రశ్నించినప్పటికీ సమాధానము దాటవేసినది. ప్రవర్తన అమర్యాదకరము.'

విచారణ పూర్తయ్యేవరకు చిప్పుని సస్పెండ్ చేశారు. సస్పెన్షన్లో ఉన్న ఉద్యోగికి సగం జీతం భృతిగా ఇవ్వాలి. అది మానవత్వం. విశ్వపతిగారు చారుశీలని పిలిచి అడిగారు. "దీని జీతం ఎంత?"

"జీతమేంటండి దీనికి? పన్నెండు వోల్టులు పెడతాం."

"అయితే ఆరు పెట్టు."

"ఆరైతే అది అసలు పనే మానేస్తుందండి. తక్కువ వోల్టేజీతో గేట్లు అరకొరగా తెరిస్తే మాడిపోతాయని దానికి తెలుసు. అందుకని మొత్తానికే చేతులు ముడుచుకుని కూర్చుంటుంది."

విశ్వపతిగారు మొదటిసారి ఆ చిప్పు వంక అభిమానంగా చూశారు. "సస్పెన్షన్లో పని చెయ్యకూడదని తెలుసన్నమాట. పోనీలే, రూల్స్ చదువుకుంది."

సరే, చిప్పుని బండి కింద పాత చోటే ఉంచి, ఆరు వోల్టులు పెట్టి, విధుల్లోంచి దించేశారు. దాని సీటు ఖాళీగా ఉండకూడదే! గేట్లు ఆరు కాబట్టి ఆరుగురికి అదనపు బాధ్యతలు ఇవ్వాలని తీర్మానించారు. వీధులూడ్చే ఆడవాళ్ళలోంచి ఆరుగురిని ఎంచారు. ఎందుకు వాళ్ళనే అంటే, ఆఫీసులో మిగతా అందరూ ఎవరో ఒకరి కుర్చీలో కూర్చుని ఉన్నారు, లేవడానికి లేదు. నుంచుని ఉన్నవాళ్ళు వీళ్ళొక్కరే. పాత నీళ్ళ పంపుహౌసునుంచి మూరెడేసి పిడులున్న ఆరు స్విచ్చులు ఊడబెరికి తెచ్చి, చెత్త తొట్టిలో బిగించి, స్విచ్చుకో స్టూలు వేశారు. అయస్కాంతం ఎక్కడుందో చెప్పే మూడు చిన్న దీపాలు పెట్టారు. దీపాన్ని బట్టి ఎవరి స్విచ్చు వాళ్ళు లాగాలి.

"చెత్తెక్కడ వేస్తామండి మరి?" అంది చారుశీల.

"చెత్త పారిశుద్ధ్యం ఫైలు," అన్నారు విశ్వపతిగారు. "ఇది రవాణా ఫైలు. రెండూ కలపకు."

ఆ ఆరుగురికీ పెద్ద సువార్తమ్మ. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. ఆమెకి మొదటి కాయిలు పై గేటు వచ్చింది. స్టూలు మీద కూర్చుని, పమిట దోపుకుని, పిడి పట్టుకుని, "ఆయ్, ఎప్పుడు లాగమంటారండి?" అంది దర్జాగా.

పరీక్ష మొదలైంది. విశ్వపతిగారు పక్కనే నిలబడి కేకేశారు. "మొదటి కాయిలు! కింది గేటు చేరవలెను! పై గేటు ఇప్పుడే లేవకూడదు! ఇద్దరూ ఉండగా ఛార్జి అప్పగింత!"

కింది గేటు నాగరత్నం పిడి లాగింది. సువార్తమ్మ తన పిడి వదల్లేదు. ఢామ్మని ఓ మోత మోగింది! ఫ్యూజు ఎగిరి వెళ్ళి పన్నుల సెక్షన్ కిటికీలో పడింది. కాకులన్నీ లేచిపోయాయి. పొగ తేలిపోయేసరికి సువార్తమ్మ స్టూలు మీదే ఉంది, కళ్ళు రెండూ చింతపండు ఉండల్లా చేసుకుని.

"ఓర్నాయనో! నా కనుబొమ్మలేవే నాగరత్నం?"

"ఉన్నాయి వొదినా, మసి పట్టింది అంతే."

"ఏంటండీ బాబూ, ఛార్జంటే ఇదేనేంటండి? మీ ఆఫీసులో రోజూ ఇలాగే పుచ్చుకుంటారా?"

విశ్వపతిగారు జేబురుమాలుతో మొహం తుడుచుకుని రాసుకున్నారు: 'ఛార్జి అప్పగింత ఘనంగా జరిగినది.'

మళ్ళీ ఫ్యూజు వేశారు. మళ్ళీ పేలింది. బజార్లో ఉన్న ఫ్యూజులన్నీ అయిపోయేదాకా రెండు రోజులపాటు ఛార్జి అప్పగిస్తూనే ఉన్నారు. బండి మాత్రం అంగుళం కదిలితే ఒట్టు. చారుశీలకి ఏడుపొచ్చేసింది. మంత్రిగారు వచ్చేది ఎల్లుండే. బండి కదలదు, పర్మనెంటు రాదు, మళ్ళీ పెట్టె సర్దుకుని ఇంకో ఊరు, ఇంకో "కాంట్రాక్టా అమ్మా?"

బండి పక్కన చతికిలబడి ముక్కు చీదుకుంటుంటే సువార్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడవకండమ్మా. పేలితే పేలింది. మాకేం భయం లేదు."

"మీకెందుకు ఈ గొడవ చెప్పండి? రేపో ఎల్లుండో మిమ్మల్ని కూడా పంపేస్తారు."

"అదేనండమ్మా నేనడుగుదామని వచ్చింది." సువార్తమ్మ గొంతు ఒక్కసారి తగ్గింది. "ఆ స్టూళ్ళు మాకుంటాయంటారా? చీపురు పట్టిన కాడినుంచీ నుంచునే ఉన్నామండి. కూకుని చేసే పని ఇదే మొదలు. నిన్న పొద్దంతా కూకున్నానా, రాత్రి ఇంటికెళ్తే మోకాళ్ళు నొప్పే లేదండి. మా ఆయన నమ్మలేదు."

చారుశీల ముక్కు తుడుచుకుని ఆ స్టూళ్ళ వంక చూసింది. ఆ మోకాళ్ళ మాట మాత్రం మనసులో ఎక్కడో గుచ్చుకుంది.

ప్రారంభోత్సవం రోజు తెల్లవారగానే, షామియానా వేసేవాళ్ళు ఇంకా గుంజలు పాతుతుండగా, చారుశీల బండి కింద దూరింది. హెడ్‌లైటుకి వెళ్ళే పన్నెండు వోల్టుల తీగెని పక్కకి లాగి సస్పెన్షన్లో ఉన్న చిప్పుకి కలిపింది. గేట్ల తీగెలన్నీ మళ్ళీ చిప్పుకే అప్పగించింది. పైన తొట్టిలో ఉన్న ఆరు స్విచ్చుల తీగెల్ని మాత్రం కోసి, దేనికీ తగలకుండా చుట్టచుట్టి లోపలికి తోసేసింది. ఎంత లాగినా ఆ పిడులు ఇక పిడులే. ఈ సంగతి ఎవరికీ, చివరికి సువార్తమ్మకి కూడా చెప్పలేదు. చెప్పకుండా ఉండడం ఆమెకి ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు.

మంత్రిగారు వచ్చారు. దండలు పడ్డాయి. ఆయన సరదా మనిషి, కొబ్బరికాయ కొట్టి ఊరుకోక, "నేనూ ఎక్కుతా" అని చారుశీల పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. వెనక తొట్టిలో ఆరుగురూ కొత్త చీరల్లో, స్టూళ్ళ మీద, పిడులు పట్టుకుని సిద్ధం. దివాకరంగారు కళ్ళు మూసుకున్నారు. విశ్వపతిగారు చెవులు మూసుకున్నారు.

చారుశీల హ్యాండిలు తిప్పింది.

బండి కదిలింది! చప్పుడు లేకుండా, వెన్నముద్ద జారినట్టు జారిపోయింది. అమ్మ నా చిప్పూ, అనుకుంది చారుశీల.

"ఛార్జి అప్పగించా!" వెనకనుంచి సువార్తమ్మ కేక. "ఛార్జి పుచ్చుకున్నా!" నాగరత్నం కేక. ఆరుగురూ రెచ్చిపోయి పిడులు లాగుతున్నారు, తోస్తున్నారు. ఢామ్మని మోగకపోయేసరికి వాళ్ళకి హుషారెక్కింది. బండి గాంధీ బొమ్మ దాటి బజార్లోకి వచ్చేసరికి కేకలు పాటలా వరస కలిశాయి. కూరగాయల బళ్ళవాళ్ళు దారిచ్చి చప్పట్లు కొట్టారు. "ఇంకా పోనీ!" అన్నారు మంత్రిగారు. చారుశీల ఇంకా తిప్పింది. మోటారు నిమిషానికి వేలసార్లు తిరుగుతోంది. సువార్తమ్మ మాత్రం మధ్యలో పిడి వదిలేసి, కొప్పు సవరించుకుని, చుట్టం కనపడితే చెయ్యూపి, తీరిగ్గా మళ్ళీ పట్టుకుంటోంది. జీపులో వెనకొస్తున్న అధికారులందరూ చూశారు. ఆ రెండిటికీ పొంతన కుదరడం లేదని ఒక్కరికీ తట్టలేదు.

బండి తిరిగొచ్చి ఆగగానే మంత్రిగారు దిగి మైకు పుచ్చుకున్నారు. "పక్క జిల్లాలో చెత్తబండికి ఒక్కడంటే ఒక్కడే ఉద్యోగి. ఇక్కడ ఒక్క బండికి ఆరుగురు! ఇదీ అభివృద్ధంటే! జిల్లా అంతా ఇలాంటి బళ్ళే వేయిస్తాను. ఈ ఆరుగురు ఆడపడుచులూ ఈ క్షణం నుంచి పర్మనెంటు!"

సువార్తమ్మ స్టూలు మీదినుంచి లేవలేదు. లేస్తే పోతుందేమోనని భయం. కూర్చునే ఏడ్చేసింది. దివాకరంగారు చారుశీల దగ్గరికొచ్చి, "రేపు నీ ఆర్డరు కూడా," అని భుజం తట్టారు. చారుశీల కళ్ళముందు తులసి కోట కనపడింది.

అంతా అయ్యాక విశ్వపతిగారు తనిఖీకి బండి కిందికి వంగారు. నిజాయితీపరుడన్నాను కదా, అదే వచ్చిన చిక్కు. చేతికి తగిలిన చిప్పుని తడిమి చూశారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ తడిమారు.

"వేడిగా ఉంది," అన్నారు. "సస్పెన్షన్లో ఉన్నది వేడెక్కిందంటే, పనిచేసిందన్నమాట."

మర్నాడు దివాకరంగారి గదిలో విచారణ. చారుశీల బల్లకి ఇవతల నిలబడింది. గుమ్మం బయట ఆరుగురూ నిలబడ్డారు, కొత్త చీరలు విప్పి పాతవే కట్టుకుని. లోపల ఏం తేలుతుందోనని సువార్తమ్మ ద్వారబంధం పట్టుకుని తొంగిచూస్తోంది.

"మాకు ఎవరైనా ఒకటే," అన్నారు దివాకరంగారు. "నిన్న సదరు సీట్లో ఎవరున్నారన్నది తేలవలెను. విశ్వపతిగారూ, రూల్సు ప్రకారం పర్యవసానాలు వివరించండి."

విశ్వపతిగారు గొంతు సవరించుకున్నారు. "చిప్పే నడిపిందంటావా, అది అత్యవసర సేవ కింద మాఫీ చెయ్యొచ్చు. దాన్ని తిరిగి విధుల్లోకి తీసుకుంటాం, మిగిలిన ఆరు వోల్టుల బకాయి కూడా ఇస్తాం. చిప్పున్నచోట ఇంజనీరు ఉండాలి, నీ పోస్టు పర్మనెంటు. ఆ ఆరుగురూ ఏం నడపలేదు కాబట్టి వాళ్ళ ఆర్డర్లు రద్దు. మంత్రిగారికి మేం ఏదో చెప్పుకుంటాం. లేదూ ఆ ఆరుగురే నడిపారంటావా, వాళ్ళవి ఖాయం. బండికి చిప్పక్కర్లేదు, చిప్పు లేనప్పుడు ఇంజనీరెందుకు? నీ పోస్టు ఈరోజుతో రద్దు. నాకు నువ్వన్నా అభిమానమేనమ్మాయ్, ఆలోచించుకుని చెప్పు."

చారుశీల ఒక్క నిజం చెబితే చాలు. అదీ మోటారు గురించిన నిజం, ఆమెకి అన్నిటికన్నా ఇష్టమైన నిజం. ఎంత చక్కగా పనిచేసిందో చెప్పొచ్చు. ఎంత మెత్తగా గేటు గేటుకీ మధ్య ఆ రవ్వ విడిచి, మళ్ళీ అందుకుందో చెప్పొచ్చు. చెప్పి ఓ ఇల్లు, ఓ గ్యాస్ కనెక్షన్, ఓ తులసి మొక్క తెచ్చుకోవచ్చు. నోరు తెరిచింది. గుమ్మంలో సువార్తమ్మ ఒక కాలిమీద బరువు వేసి రెండో మోకాలు మెల్లిగా రాసుకుంటోంది.

"ఎండకండి," అంది చారుశీల.

"ఏవిటి?"

"నల్లటి చిప్పు కదండీ, ఎండకి ఊరికే వేడెక్కుతుంది. దానికి నడపడం ఎక్కడొచ్చండి? ఆ ఆరుగురే నడిపారు."

మోటారు గురించి ఆ పిల్ల జన్మలో ఆడిన మొదటి అబద్ధం అది. బయట గుమ్మం దగ్గర ఒక్కసారిగా గోల, ఏడుపులు, నవ్వులు. నాగరత్నం ఈల కూడా వేసింది.

"సంతోషం," అన్నారు దివాకరంగారు. "విశ్వపతిగారూ, అమ్మాయి పోస్టు రద్దు చేసి రిలీవ్ చెయ్యండి."

విశ్వపతిగారు తన సీటు దగ్గరికి తీసుకెళ్ళి రిలీవింగ్ ఆర్డరు రాయడం మొదలెట్టారు. చారుశీల పర్సు చంకన పెట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకుంటూ నిలబడింది. మళ్ళీ పెట్టె, మళ్ళీ బస్సు. కాస్త రాశాక ఆయన పెన్ను ఆగింది. కళ్ళద్దాలు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"నీ ఛార్జి ఎవరికి అప్పగిస్తావు?"

"నాకేం తెలుసండి? మీరే చెప్పాలి."

"నీ పోస్టు రద్దయింది కదా, ఆ పోస్టులోకి ఇంకెవర్నీ వెయ్యడానికి వీల్లేదు. ఎవరూ రాకుండా నువ్వు లేవడానికి వీల్లేదు." ఆయన నుదుటి మీద చెమట పట్టింది. లేచి వెళ్ళి దివాకరంగారితో గుసగుసలాడి వచ్చారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన మొహం అంత తెల్లబోవడం ఎవరూ చూడలేదు. "వెళ్ళమ్మాయ్. వెళ్ళి నీ కుర్చీలో కూర్చో."

"ఎంతసేపండి?"

"ఎవరో ఒకరు వచ్చి ఛార్జి పుచ్చుకునేదాకా."

"ఎవరూ రాలేరు కదండీ?"

"రాలేరు."

"జీతమో?"

"కుర్చీలో మనిషున్నాక జీతం ఆపడానికి నాకు రూలు లేదు."

చారుశీలకి విషయం మెల్లిగా తలకెక్కింది. నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకుంది. "అయితే నేను పర్మనెంటా అండి?"

విశ్వపతిగారు ఆమె వంక నిజంగా జాలిగా చూశారు.

"పర్మనెంటు కాదమ్మా. పర్మనెంటు వాళ్ళయితే అరవై రెండేళ్ళకి ఇంటికి పోవచ్చు. నీకు ఆ సౌకర్యం కూడా లేదు."